విద్యుత్తునకు మెట్లు గట్టిన వారు



నీటి సంగతి తెలిసిన పెద్దలకు విద్యుత్తు సంగతి చెప్పుట కష్టము కాదు. గోదావరిపై ధవళేశ్వరము వద్ద 1847 లో ఆరంభించిన ఆనకట్ట 1852 లో ముగిసినది. ఆ ఆనకట్ట నీటిని ఎత్తున నిలిపెను. కాని ఆ ఎత్తుననున్న నీరు ఉన్నది ఉన్నట్లుగా నారుమడి మీద వచ్చి పడిన యెడల నారు మిగులునా, మడి మిగులునా? అందుచేత పెద్దకాలువ, పిల్లకాలువ, లాకులు, తూములు, బోదెలు అని మెట్టు వెంట మెట్టు గట్టి, నీటి వేగమును అణచి, చేనికి చేరునప్పటికి చీమకు కూడ అపాయము లేనంత మెల్లగా పారునట్లు చేసిరి. ఆనకట్ట గట్టుట ఎంత పనియో, ఈ దించుట కూడ అంత పనియే.

విద్యుత్తు విషయమున కూడ ఇదియే జరిగినది. దానిని పుట్టించినవారి పేర్లు అందరికిని తెలియును. దానిని దించి, మన గోడమీది దీపమునకును, చేతిలోని టెలిఫోనునకును తగినంత మెత్తగా చేసినవారి పేర్లు కొందరికే తెలియును. నేటి ప్రసంగము వారిని గూర్చినది.

మొదట రెండు మాటల అర్థము చెప్పుకొందము. ఇటలీ దేశస్థుడగు అలెస్సాండ్రో వోల్టా 1800 లో తొలి బ్యాటరీని లోకమునకు తెలియజేసెను. ఆయన పేరుమీదనే విద్యుత్తు ఒత్తిడిని ఓల్టులతో కొలుతురు. కాలువలో నీటిమట్టపు ఎత్తు ఎట్టిదో ఓల్టు అట్టిది. కాలువలో పారు నీటి పరిమాణము ఎట్టిదో ఆంపియరు అట్టిది. ఒత్తిడిని ప్రవాహముతో హెచ్చవేసిన వచ్చునది వాట్టు. అదియే జరుగుపనికి కొలత. కావున ఒకే పనిని ఎక్కువ ఒత్తిడితో, తక్కువ ప్రవాహముతో చేయవచ్చును. లేదా తక్కువ ఒత్తిడితో, ఎక్కువ ప్రవాహముతోను చేయవచ్చును.

ఈ రెంటిలో ఏది మేలు? 1841 లో జేమ్స్ జౌల్ అను ఆంగ్లేయుడు దీనికి ఆధారమగు సూత్రమును కనుగొనెను. తీగలో పుట్టు వేడి ప్రవాహముయొక్క వర్గమును బట్టి యుండును. ప్రవాహము రెట్టింపైన వేడి నాలుగింతలగును. ప్రవాహము పదవవంతునకు తగ్గిన వేడి నూరవవంతునకు తగ్గును. వేడి యనగా దారిలో పోయిన సొత్తే. కాబట్టి దూరప్రయాణమునకు హెచ్చు ఒత్తిడి, కొద్ది ప్రవాహము మేలు. ఇంటిలోనికి వచ్చిన పిదప మాత్రము హెచ్చు ఒత్తిడి ప్రాణాంతకము. ఈ రెండు అవసరములకును నడుమ మెట్టు కావలెను. ఆ మెట్టు లేకపోవుటచే ఏమి జరిగెనో అమెరికా దేశపు కథ చెప్పును.

1882 సెప్టెంబరు 4 వ తేదీన థామస్ ఎడిసన్ న్యూయార్కు నగరమున పెర్ల్ వీధిలో తన విద్యుత్కేంద్రమును ప్రారంభించెను. అచ్చటినుండి 110 ఓల్టుల ఏకముఖ ప్రవాహము దీపములకు పోవుచుండెను. దీపములు చక్కగా వెలిగెను. కాని ఒత్తిడి తక్కువ గనుక ప్రవాహము హెచ్చు. ప్రవాహము హెచ్చు గనుక బొద్దైన రాగి తీగలు కావలసి వచ్చెను. మైలు దూరమునకు మించి ఆ వెలుగు లాభముగా పోజాలకపోయెను. పట్టణమున వీధివీధికిని ఒక కేంద్రము కట్టవచ్చును గాక. నదీపాతము ఒకచోటను, ఊరు నూరు మైళ్ల దూరమునను ఉన్న దేశములగతి యేమి? ఎడిసన్ పద్ధతిలో పల్లెకు వెలుగు రాదు.

మెట్టు గట్టుటకు కావలసిన సూత్రము అప్పటికి ఏబది యేండ్ల క్రిందటనే దొరికియున్నది. 1831 ఆగస్టు 29 వ తేదీన లండను నగరమున మైకేల్ ఫారడే యొక ఇనుప కడియమునకు రెండు వైపుల రెండు తీగచుట్టలు చుట్టెను. ఒక చుట్టలో ప్రవాహమును కలిపినప్పుడును, విడదీసినప్పుడును, దానిని తాకనైన తాకని రెండవ చుట్టలో క్షణకాలము విద్యుత్తు పుట్టెను. ప్రవాహము నిలుకడగా నున్నంతసేపును ఏమియు లేదు. మార్పు ఉన్నప్పుడే ఫలము. ఫారడే కమ్మరి కుమారుడు. పుస్తకములు కుట్టు దుకాణమున పనినేర్చిన వాడు. ఆయన చుట్టిన ఆ కడియము నేటికిని లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనున భద్రముగా నున్నది.

ఎడమవైపు చుట్టలో నూరు చుట్లును, కుడివైపున పది చుట్లును ఉండి, ఎడమవైపున నిరంతరము దిశ మారు ప్రవాహమును పంపితిమేని, కుడివైపున ఒత్తిడి పదవవంతునకు దిగును, ప్రవాహము పదిరెట్లగును. కొద్దిపాటి నష్టము తప్ప పని ఎక్కడికిని పోదు. ఇదియే ట్రాన్స్‌ఫార్మరు. దీనిలో కదలు భాగము లేదు; మంట లేదు; చమురు పోసి మూసియుంచిన యెడల ఏండ్ల తరబడి పనిచేయును.

సూత్రము 1831 లో దొరికినను, పనికివచ్చు రూపము 1880 తరువాతగాని రాలేదు. ఫ్రాన్సు దేశపు లూసియెన్ గోలార్, ఆంగ్లేయుడగు జాన్ గిబ్స్ అను ఇద్దరు కలిసి 1883 లో లండనులోను, 1884 లో ఇటలీలోని ట్యూరిన్ ప్రదర్శనములోను తమ యంత్రమును చూపిరి. ట్యూరిన్ నుండి లాంజో వరకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున దీపములు వెలిగినవి. జనులు ఆశ్చర్యపడిరి. కాని అందొక లోపము గలదు. వారు తమ చుట్టలను దండలోని పూసలవలె ఒకదాని వెనుక ఒకటిగా గ్రుచ్చిరి. అందుచే ఒక యింటివారు దీపములు ఆర్పిన యెడల తక్కిన యిండ్లలో వెలుగు హెచ్చుతగ్గులగుచుండెను. దించుట వచ్చినది గాని దించినదానిని నిలుపుట రాలేదు.

ఆ లోపమును తీర్చినవారు హంగరీ దేశస్థులు. బుడాపెస్టు నగరమున గాంజ్ కర్మాగారమందు పనిచేయు కారొయ్ జిపెర్నోవ్‌స్కి, ఒట్టో బ్లాతి, మిక్షా డేరి అను మువ్వురు 1885 లో ఇనుపగర్భమును ఎక్కడను తెగకుండ మూసివేసిరి. చుట్టలను దండగా గాక, ఒకే కాలువనుండి పక్కపక్కన విడివడిన తూములవలె కలిపిరి. ఒక తూము మూసినను పక్క తూమునకు నీరు తగ్గదు గదా! ట్రాన్స్‌ఫార్మరు అను పేరు పెట్టినవాడు కూడ బ్లాతియే యని చెప్పుదురు.

గోలార్ సంగతి విచారకరము. ఆంగ్ల న్యాయస్థానములలో ఆయన పేటెంటు నిలువలేదు. మనోవ్యాధి కలిగెను. 1888 నవంబరులో పారిస్ నగరపు మానసిక వైద్యశాలలో తన 38 వ యేట కన్నుమూసెను. దారి తీసినవాడు ఒకడు, దారి వెంట ఫలము తెచ్చుకొన్నవారు వేరొకరు. చరిత్రలో ఇది క్రొత్త కాదు. ఐనను మన ఊరి స్తంభముమీది పెట్టెను చూచినప్పుడు ఆ పేరు ఒక్కమారు తలచుకొనుట న్యాయము.

గోలార్ యంత్రమునే అమెరికాకు తెప్పించి, జార్జి వెస్టింగ్‌హౌస్ ప్రాపున దానిని సరిదిద్దినవాడు విలియం స్టాన్లీ. 1886 మార్చి 20 వ తేదీన మసాచుసెట్సు రాష్ట్రమున గ్రేట్ బారింగ్టన్ అను చిన్న ఊరిలో అంగళ్లకు ఆయన 500 ఓల్టుల ప్రవాహమును పంపి, చోటుచోటున 100 ఓల్టులకు దించి దీపములు వెలిగించెను. అయిదేండ్ల పిదప, 1891 లో, జర్మనీలో నెక్కార్ నదీతీరమందలి లౌఫెన్ నుండి ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనమునకు 175 కిలోమీటర్ల దూరము విద్యుత్తును నడిపించిరి. ఒత్తిడి 15,000 ఓల్టులు. బయలుదేరినదానిలో నూటికి 75 పాళ్లు గమ్యమునకు చేరెను. ఆనాటితో వాదము ముగిసినది.

మన దేశమున 1897 లో డార్జిలింగు వద్ద సిద్రాపాంగున జలవిద్యుత్తు పుట్టెను. 1902 లో కావేరిపై శివసముద్రము నుండి కోలారు బంగారు గనులకు సుమారు 147 కిలోమీటర్లు తీగ నడచెను. 1955 లో ఆంధ్ర, ఒడిషా సరిహద్దునగల మాచ్‌ఖండ్ కేంద్రము పనిచేయ నారంభించి మన తీరప్రాంతమునకు వెలుగు పంపెను. నేడు పెద్దతీగలలో లక్షల ఓల్టులుగా బయలుదేరిన విద్యుత్తు ఉపకేంద్రములలో మెట్టు మెట్టుగా దిగి, 11,000 ఓల్టులై ఊరిలోనికి వచ్చి, స్తంభముమీది ట్రాన్స్‌ఫార్మరు వద్ద 400 చిల్లర ఓల్టులై మోటారునకును, 230 ఓల్టులై ఇంటికిని చేరుచున్నది. ఈ మెట్లలో ఏదియు వ్యర్థము కాదు.

ఇంతటితో కథ సగమే. 230 ఓల్టులు మన కన్నులకు తక్కువయే యైనను, రేడియో లోపలి అవయవములకు అది వరదనీరు. పైగా వానికి దిశ మారు ప్రవాహము పనికిరాదు. బ్యాటరీనుండి వచ్చునట్లు ఒకే దిక్కున, ఒకే మట్టమున పారవలెను. విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1 వ తేదీన ప్రారంభమైనప్పుడు మన పల్లెలలో అనేకమునకు కరెంటు లేదు. పంచాయితీ రేడియోలు బ్యాటరీలతో పాడినవి. బ్యాటరీలో ఒత్తిడి దానంతట అదే సమముగా నుండును గనుక చిక్కు లేదు. ఖర్చు మాత్రము గలదు. కరెంటు వచ్చిన పిదప ఎలిమినేటరు అను బరువైన పెట్టె వచ్చెను. అందులో ట్రాన్స్‌ఫార్మరు ఒత్తిడిని దించును. డయోడులు ప్రవాహమును ఒకే దిక్కునకు మళ్లించును. కండెన్సరు అను పాత్ర ఎగుడుదిగుళ్లను కొంత నింపును. అయినను సాయంకాలము ఊరిలోని మోటార్లన్నియు తిరిగినప్పుడు కరెంటు కుంగును. అవి ఆగినప్పుడు పొంగును. ఎలిమినేటరు దానితోపాటు కుంగి, దానితోపాటు పొంగుచుండెను. గోలార్ ఎదుర్కొన్న చిక్కే మరల వచ్చినది: దించుట వేరు, నిలుపుట వేరు.

నిలుపుటకు మొదటి ఉపాయము మన చెరువుల అలుగు వంటిది. చెరువు నిండిన పిదప వాన ఎంత కురిసినను, మిగులు నీరు అలుగు మీదుగా పోవును, మట్టము మారదు. బంధకపదార్థము ఎక్కువ ఒత్తిడికి ఎట్లు లొంగిపోవునో 1934 లో క్లారెన్స్ జీనర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వివరించెను. తరువాతి కాలమున అట్టి అలుగువలె పనిచేయు డయోడునకు ఆయన పేరే పెట్టిరి. కాని అలుగు పోయిన నీరు చేనికి రాదు. కాబట్టి ఈ ఉపాయము చిన్న పనులకే చెల్లును.

రెండవ ఉపాయము తూము వద్ద లస్కరును నిలుపుట. వాడు దిగువ మట్టమును చూచుచు, హెచ్చిన తలుపు దించును, తగ్గిన తలుపు ఎత్తును. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు పుట్టిన ట్రాన్సిస్టరు ఇట్టి తలుపగుటకు యోగ్యమైనది. జీనరు డయోడు మట్టమునకు గుర్తురాయి. మరికొన్ని ట్రాన్సిస్టరులు లస్కరు. ఇట్టి పని చేయు ఏర్పాటును గోరంత సిలికాను పలుకుపైకి చేర్చి, మూడే కాళ్లుగల ఒక ముక్కగా 1969 లో బయటికి తెచ్చినవాడు రాబర్ట్ విడ్లర్. దాని పేరు ఎల్.ఎం. 109. ఒక కాలు వచ్చు ప్రవాహమునకు, ఒక కాలు పోవు ప్రవాహమునకు, ఒక కాలు నేలకు. లోనికి ఏడు ఓల్టులు వచ్చినను, పండ్రెండు వచ్చినను, బయటికి అయిదే. అటుపిమ్మట 78 అంకెతో మొదలగు ముక్కలు లోకమంతట వ్యాపించినవి. నేటికిని మన పట్టణములలోని రేడియో దుకాణములలో కొలది రూపాయలకు దొరకును. విడ్లర్ ఆ ముక్కలో మరియొక బుద్ధి కూడ పెట్టెను: మిక్కిలి వేడెక్కినయెడల అది తన్ను తాను కాపాడుకొనుటకై ప్రవాహమును ఆపివేయును, చల్లారిన పిదప మరల పనిచేయును.

ఈ వేడి సంగతి నేను పుస్తకములలో నేర్చినది కాదు. నేను తెలుగు పండితుడను. ఒక సంవత్సరము విజ్ఞాన ప్రదర్శనమునకు పిల్లలను తోడుకొనిపోవు బాధ్యత నాకు వచ్చెను. పదవ తరగతి బాలుడొకడు చెరువు నీటిమట్టమును వెలుగు అంకెలతో చూపు పరికరమును చేసెను. మోటారుసైకిలు బ్యాటరీ 12 ఓల్టులు. అంకెలకు 5 ఓల్టులు. నడుమ ఈ మూడుకాళ్ల ముక్క. దానికి అంటించిన అల్యూమినియము రేకు పెట్టె వెలుపలికి పొడుచుకొని వచ్చియుండెను. అది నా కంటికి వికారముగా తోచెను. "లోపల పెట్టి మూత వేయుము, పైన రంగుకాగితము అంటింపుము" అంటిని. వాడు ఒకమారు నావంక చూచి, మారుమాట లేక అట్లే చేసెను. పావుగంట గడచునప్పటికి అంకెలు మినుకుమినుకుమని ఆరిపోయెను. పరీక్షకులు వచ్చునప్పటికి పెట్టె చీకటి. వారు తలయూచి ముందునకు సాగిరి. నేను వానిని పదిమందిలో కోపగించితిని.

సాయంకాలము బస్సుకొరకు కాచియుండగా వాడు మూత తీసి తీగలు కలిపెను. అంకెలు వెలిగెను. "చల్లారిందండి మాస్టారూ" అని మాత్రము అనెను.

లెక్క సులభమైనది. పండ్రెండు ఓల్టులు వచ్చి అయిదు పోవలెనన్న, ఒక ఆంపియరు ప్రవాహమునకు అయిదు వాట్టులు పనికి, ఏడు వాట్టులు వేడికి. పనికన్న నష్టమే ఎక్కువ. ఎత్తునుండి బండమీద పడు నీరు తన బలమంతయు అచ్చటనే పోగొట్టుకొనునట్లు, ఈ ముక్క ఆ భేదమునంతయు వేడిగా మార్చివేయును. ఆ వేడి పోవుటకే రేకు. దానిని మూసినవాడను నేను. మా పాఠశాల భౌతికశాస్త్రోపాధ్యాయుడు ఈ లెక్క వేసి చూపిన పిదప, తప్పు నాదియని ఆ బాలునితో తరగతి యెదుట చెప్పితిని. చెప్పుటకు నాకు మూడు దినములు పట్టెను. అప్పటినుండియే ఈ చరిత్రను చదువ నారంభించితిని.

మూడవ ఉపాయము ఈ నష్టమును తప్పించునది. కుమ్మరి సారెను చూడుడు. కుమ్మరి కర్రతో ఊది, కర్ర తీసివేయును. సారె తన బరువుచేత తిరుగుచునే యుండును. వేగము తగ్గకముందే మరల ఊదును. త్రిప్పుట ఆగి ఆగి జరిగినను తిరుగుట ఆగదు. తీగచుట్టకు కూడ అట్టి బరువు గలదు. ఫారడే కనుగొన్న గుణమే అది. దానిలో పారు ప్రవాహము తటాలున ఆగదు. కాబట్టి ట్రాన్సిస్టరును సగము తెరచిన తలుపుగా గాక, పూర్తిగా తెరచుచు, పూర్తిగా మూయుచు నుండిరి. పూర్తిగా తెరచినప్పుడు అడ్డు లేదు. పూర్తిగా మూసినప్పుడు ప్రవాహము లేదు. రెండుచోట్లను వేడి స్వల్పమే. మూసిన వేళ చుట్టలోని ప్రవాహము తిరిగివచ్చుటకు ఒక డయోడు దారి యిచ్చును. ఎగుడుదిగుళ్లను కండెన్సరు సవరించును. కాలమును పండ్రెండు పాళ్లు చేసి అయిదు పాళ్లు తెరచియుంచిన, పండ్రెండు ఓల్టులు అయిదగును. కుంగినప్పుడు కొంచెము ఎక్కువసేపు తెరచును, పొంగినప్పుడు తక్కువసేపు. మొదటి ముక్క నూటికి అరువది పాళ్లకు దగ్గరగా పోగొట్టుచోట, ఇది పదియో పదునైదో మాత్రమే పోగొట్టును.

ఈ తెరచుట మూయుట సెకనునకు వేల, లక్షల మారులు జరుగును. ఎంత తరచుగా జరిగిన చుట్ట అంత చిన్నదైనను చాలును. వేగముగా తెరచి మూయగల ట్రాన్సిస్టరులు చౌకయైన పిదపనే ఈ పద్ధతి ఇండ్లకు వచ్చెను. 1977 లో వెలువడిన ఆపిల్ రెండవ కంప్యూటరునకు రాడ్ హోల్ట్ ఈ పద్ధతితోనే తేలికయైన, గాలిమర అక్కరలేని విద్యుత్పేటికను చేసెను. నేడు మీ మనుమడు గోడకు గ్రుచ్చు టెలిఫోను ఛార్జరు గుప్పెటలో ఇముడుటకు కారణము ఇదియే. వెనుకటి ఎలిమినేటరు సెకనునకు 100 మారులు దిశమారు కరెంటుతో పనిచేయవలసినది గనుక దానికి ఇనుపముద్ద కావలసియుండెను. ఛార్జరు 230 ఓల్టులను ముందుగా ఒకే దిక్కునకు మళ్లించి, వేలమారులు తునకలుచేసి, చిన్న ట్రాన్స్‌ఫార్మరుతో దించును.

పెద్దలారా, ఈ చరిత్రయందు మనము గ్రహించుకొనవలసిన లౌకిక విషయములు రెండు గలవు. పిల్లలు ఏ పరికరమునైనను బ్యాటరీకి కలుపునప్పుడు అది ఎన్ని ఓల్టులు కోరునదో ముందు చూడుమనుడు. అది వేడెక్కినయెడల గాలి తగులనిండు, గుడ్డ కప్పకుడు. స్తంభముమీది ట్రాన్స్‌ఫార్మరు జోలికి మాత్రము ఎవరును పోరాదు; అచ్చట 11,000 ఓల్టులు కాచుకొని యున్నవి. దాని పని తెలిసిన ఉద్యోగులు వేరుగా నున్నారు.

ఇక ఉపాధ్యాయుడనగు నేను నేర్చినది ఒకటి. ఆ దినమున ఆ పరికరము చెడిపోలేదు, ఆగినది. అది ఆగుటలో ఒక పెద్దమనిషి ముందుచూపు గలదు. ఆ బాలుడు తప్పు చేయలేదు. నా మాట వినెను. ఆగిపోయిన ప్రతిదానిని చెడినదనుకొనుట, మౌనముగా నున్న ప్రతివానిని తెలియనివాడనుకొనుట నావంటి పెద్దలకు అలవాటు. ఒక్కమారు మూత తీసి చూచిన యెడల ఎంతో మేలు.

ఆ బాలుడు తరువాత పాలిటెక్నిక్కులో చేరెను. పండుగకు ఊరికి వచ్చినప్పుడెల్ల మా యింటికి వచ్చి కూర్చుండును. మొన్న వచ్చి నా పాత రేడియోకు ఎలిమినేటరు తీసివేసి చిన్న క్రొత్త పలకను అమర్చెను. దానికి మూత వేయమందునా వద్దా యని నన్నే అడిగెను. నీ యిష్టమంటిని.